పాత పికప్ క్యాబిన్‌లో స్పీకర్లు: ఎక్కడ పెట్టాలి, ఏవి కొనాలి

విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింటింగ్ అయిపోయి పాత పికప్ బయటికి రాగానే ఓనరుకు పాటల మీదకు మనసు పోతుంది. బండిని నేరుగా ఓ స్టీరియో షాపు ముందు ఆపుతాడు. అక్కడి కుర్రాడు డోర్ రేకు మీద అరచెయ్యి ఆనించి, "ఇక్కడ రెండు ఆరున్నరలు, సీటు వెనక ఓవల్స్, కింద ఊఫర్ బాక్స్. సాయంత్రానికి ఇచ్చేస్తానన్నా" అంటాడు. ఆరున్నరలంటే ఆరున్నర అంగుళాల గుండ్రటి స్పీకర్లు, ఓవల్స్ అంటే కోడిగుడ్డు ఆకారపువి, ఊఫర్ అంటే బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకరు. అతని తప్పేం లేదు. రోజూ అతని దగ్గరికి వచ్చే కార్లలో స్పీకరు కోసం కంపెనీయే డోర్‌లో చోటు వదిలిపెడుతుంది. 1950ల నాటి ట్రక్కు డోర్‌లో ఆ చోటు ఉండదు. కట్టర్ పెట్టి కోస్తేనే వస్తుంది. కోశాక మళ్లీ పూడ్చాలంటే రేకు ముక్క వెల్డింగ్, పుట్టీ, డోర్ మొత్తానికి రంగు.

నా లెక్క ముందే చెప్పేస్తాను. పాత పికప్‌లో ఏ కంపెనీ స్పీకరు కొనాలన్నది తర్వాతి సంగతి. ఎక్కడ పెట్టాలన్నది ముందు తేలాలి. ఇనుము కొయ్యకుండా పెట్టగలిగే చోటు దాదాపు ప్రతి పాత బండిలోనూ ఒకటి ఉంటుంది. వినికిడి పరంగా కూడా చాలాసార్లు అదే మంచి చోటు.

కొయ్యకపోవడానికి ఇంకో కారణం కాగితాలు. 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బండ్లను వింటేజ్‌గా రిజిస్టర్ చేసే పద్ధతిని కేంద్రం 2021 జూలైలో తెచ్చింది. నంబరు ప్లేటులో రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా బండి అసలు రూపంలో ఉండాలన్నది షరతు. స్పీకరు కన్నం పెద్ద మార్పు కిందికి రాదని మీరు వాదించవచ్చు. కానీ ఆ వాదనకు అవకాశం ఇవ్వకుండా ఉంటే ఇంకా మంచిది కదా. 1988లో వచ్చిన టాటామొబైల్ లాంటివి ఈ లెక్కలోకి రావాలంటే 2038 దాకా ఆగాలి కాబట్టి వాటికి ఈ బాధ లేదు.

ముందు ఇంజన్ చప్పుడు సంగతి

స్పీకర్ల గురించి మాట్లాడేటప్పుడు అందరూ మర్చిపోయేది ఇదే. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక్కో చుట్టుకు రెండుసార్లు మంట పడుతుంది. నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే సెకనుకు దాదాపు 67 సార్లు, అంటే 67 హెర్ట్జ్. పాత అమెరికన్ ట్రక్కుల్లో ఉండే ఆరు సిలిండర్ల ఇంజన్ అయితే 1,500 చుట్ల దగ్గర 75 హెర్ట్జ్. సరిగ్గా పాటలో బేస్ ఉండేది కూడా అక్కడే. పాత జీపు పికప్‌లలో చాలావాటికి మనవాళ్లు పెట్రోలు ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ వేశారు. వాటిలో ఈ గుడగుడ ఇంకా ఎక్కువ. రేకు క్యాబిన్ మొత్తం ఆ సుతిలోనే మోగుతూ ఉంటుంది.

దీనికి తోడు మన ఎండలు. మే నెలలో విజయవాడలో 45 డిగ్రీలు తగలడం కొత్తేం కాదు. పాత పికప్‌కు ఏసీ ఉండదు, అద్దాలు దించే నడుపుతాం. అద్దాలు మూసిన చిన్న క్యాబిన్‌లో లోతైన బేస్ దానంతట అదే పెరుగుతుంది, చిన్న కార్లలో చిన్న ఊఫర్ కూడా దడదడలాడించడానికి కారణం అదే. అద్దాలు దించగానే ఆ లాభం కిటికీలోంచి వెళ్లిపోతుంది. కింద ఇంజన్ గుడగుడ, పైన గాలి హోరు. ఈ రెండింటి మధ్య మిగిలేది గొంతు, వేణువు, వయొలిన్ ఉండే మధ్య భాగం, సుమారు 300 నుంచి 4,000 హెర్ట్జ్ వరకు. పాత పికప్‌లో డబ్బు పెట్టాల్సింది ఆ మధ్య భాగం మీదే. బేస్ మీద పెట్టిన డబ్బు, బండి ఆగి ఉన్నప్పుడు పక్కవాళ్లకు వినిపించడానికి పనికొస్తుంది.

ఇక చోట్ల సంగతికి వద్దాం.

డ్యాష్‌బోర్డు

1940లు, 50ల అమెరికన్ ట్రక్కుల్లో డ్యాష్‌బోర్డు మధ్యలో రేడియో, దాని వెనకో పక్కనో ఒకే ఒక స్పీకరు ఉండేవి. రేడియో పెట్టని బండిలో కూడా ఆ చోట జాలీ గళ్లు మాత్రం చాలావాటిలో కనిపిస్తాయి. మీ బండిలో అవి ఉంటే అదృష్టమే. ఒకే స్పీకరులో, దాన్ని మోగించే తీగ చుట్టలు (వాయిస్ కాయిల్స్) రెండు ఉండే రకం దొరుకుతుంది. ఎడమ, కుడి చానెళ్లు రెండూ దానికే ఇవ్వచ్చు. బయటికి ఏమీ కనిపించదు, ఏమీ కొయ్యక్కర్లేదు.

"ఒక్క స్పీకరుతో ఏం పాటలన్నా?" అని నవ్వుతారు. మీరు వినేది 1960ల పాటలైతే అవి దాదాపు అన్నీ మోనో రికార్డింగులే. రెండు పక్కలా ఒకే శబ్దం వస్తుంది. అలాంటి పాటకు ఒక మంచి స్పీకరు, నాలుగు నాసిరకం స్పీకర్ల కంటే ఎప్పుడూ మేలు. 1948 నుంచి ఉన్న మన విజయవాడ ఆకాశవాణి వార్తలు వినడానికైతే ఇంతకు మించి అక్కర్లేదు. శబ్దం ముందు అద్దానికి తగిలి ముఖం మీదకు వస్తుంది, మాట స్పష్టంగా ఉంటుంది.

లోపాలూ ఉన్నాయి. ముందు అద్దం కింద ఎండలో కాలేది అదే చోటు. అందుకే స్పీకరులో కదిలే గరాటు (కోన్) చుట్టూ ఉండే మెత్తటి అంచు ఫోమ్‌తో చేసింది అసలు వద్దు. మన వేడికీ తేమకూ ఫోమ్ కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచు గానీ, పాత రేడియోల్లో లాగా మడతల గుడ్డ అంచు గానీ చూడండి. స్పీకరు వెనక పెట్టె ఏమీ ఉండదు కాబట్టి బేస్ తక్కువే ఉంటుంది. ఆ ఇంజన్ పక్కన అది ఎలాగూ వినపడదు.

కాళ్ల పక్కన

నాకు అన్నిటికంటే నచ్చేది ఇది. డోర్‌కీ డ్యాష్‌బోర్డుకీ మధ్య, పాదాల పక్కన ఉండే నిలువు రేకును స్టీరియోవాళ్లు కిక్ ప్యానెల్ అంటారు. దాని ముందు ఐదేసి లీటర్ల చిన్న ప్లైవుడ్ పెట్టెలు చేయించి, ఒక్కోదానిలో ఐదుంపావు అంగుళాల స్పీకరు పెట్టాలి. పెట్టెను రేకుకు ఉన్న పాత బోల్టులకే క్లాంపుతో బిగిస్తే కొత్త కన్నం అక్కర్లేదు.

ఎందుకు మంచిదంటే, దూరం. కుడి వైపు కూర్చుని నడిపేవాడికి కుడి డోర్ స్పీకరు మోకాలి పక్కనే ఉంటుంది, ఎడమ డోర్‌ది దానికి రెట్టింపు దూరం. పాట మొత్తం కుడి పక్కకు ఒరిగిపోతుంది. కాళ్ల పక్కన పెడితే రెండూ కాస్త దూరం జరుగుతాయి, వాటి మధ్య తేడా బాగా తగ్గుతుంది. గాయకుడి గొంతు డ్యాష్‌బోర్డు మధ్యలోంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. స్పీకర్లను కాస్త పైకి వంచి, ఎడమది డ్రైవరు చెవి వైపు, కుడిది పక్కసీటు చెవి వైపు చూసేలా పెట్టమని కార్పెంటరుకు చెప్పండి.

ప్లైవుడ్ విషయంలో పొదుపు వద్దు. వెనక ఐఎస్ఐ ముద్ర కింద 710 అని ఉన్నది మెరైన్ ప్లై, నీటికి తట్టుకుంటుంది. 303 అని ఉంటే మామూలు ఇంటి సామాను రకం. ఎండీఎఫ్ అయితే శబ్దానికి బాగుంటుంది గానీ ఒక్క వర్షాకాలం తడిస్తే ఉబ్బిపోతుంది. పాత పికప్‌లో ముందు అద్దం రబ్బరులోంచి కారిన నీళ్లు చేరేది ఖచ్చితంగా అక్కడికే. 12 మిల్లీమీటర్ల మందం చాలు. మూలలు జిగురుతో, స్క్రూలతో బిగించి, లోపల దిండ్లలో వాడే పాలిస్టర్ దూది వదులుగా నింపాలి. బయట రెక్సిన్ బదులు క్యాబిన్ రంగే వేయిస్తే బండితో పుట్టినట్టే ఉంటుంది.

చూసుకోవాల్సింది పెడళ్లు. మన కుడి స్టీరింగు బండ్లలో యాక్సిలరేటర్ కుడి రేకుకు దగ్గరగా ఉంటుంది. చెప్పులతో, బూట్లతో రెండు రకాలుగా కూర్చుని, బ్రేక్ మీంచి యాక్సిలరేటర్ మీదకు పాదం మార్చి చూడండి. పెట్టెకు తగిలితే ఆ ఆలోచన అక్కడితో సరి. పాటల కోసం బ్రేకు దగ్గర ఇరుకు తెచ్చుకోకూడదు. ఎడమ స్టీరింగు అమెరికన్ బండి అయితే అటు పక్కన క్లచ్ పెడలు, నేల మీద కాలితో నొక్కే డిమ్మరు స్విచ్ ఉంటాయి. కొన్ని బండ్లలో అక్కడే బయటి గాలి వచ్చే తలుపు ఉంటుంది. ఎండాకాలంలో ఆ గాలే దిక్కు కాబట్టి దానికి అడ్డం పెట్టొద్దు.

డోర్లు

టాటా 207 లాంటి కాస్త కొత్త పికప్ అయితే, డోర్‌కు ప్యాడ్ ఉంటే, డోర్లు పనికొస్తాయి. వింటేజ్ డోర్ అయితే నా సలహా వద్దనే.

పెట్టాలనుకుంటే ముందు లోతు కొలవాలి. ఆరున్నర అంగుళాల మామూలు స్పీకరుకు వెనక 55 నుంచి 70 మిల్లీమీటర్ల లోతు కావాలి. అద్దం పూర్తిగా దించినప్పుడు దానికీ రేకుకూ మధ్య ఎంత మిగులుతుందో తెలుసుకోవడానికి చపాతీ పిండి ముద్ద చాలు. ముద్దను అద్దం దిగే దారిలో లోపలి రేకుకు అంటించి, అద్దం నెమ్మదిగా దించి, ఎంత నలిగిందో చూడండి. మిగిలిన మందమే మీకున్న చోటు. చాలకపోతే పల్చటి అయస్కాంతం ఉన్న రకం వెతకాలి, లేదా ప్యాడ్ మీద చెక్క రింగు పెట్టి స్పీకరును ఇవతలికి తేవాలి.

డోర్ లోపలికి వాన నీళ్లు దిగడం మామూలే. అద్దం పక్కనుంచి దిగి, అడుగున ఉన్న చిన్న కన్నాల్లోంచి బయటికి పోవాలని తయారీదారు అలాగే చేశాడు. కాబట్టి స్పీకరు మీద గొడుగులాంటి ప్లాస్టిక్ కప్పు ఉండాలి, కోన్ కాగితంది కాకుండా పాలీప్రొపిలీన్‌ది ఉండాలి. రేకు మోత ఆపడానికి డ్యాంపింగ్ షీట్ అంటించే ఉత్సాహంలో ఆ అడుగు కన్నాలు మూసేసే పనివాళ్లు ఉన్నారు. పక్కనే నిలబడండి. ఆ నీళ్లు బయటికి పోకపోతే రెండేళ్లలో డోర్ అడుగు తుప్పు తినేస్తుంది.

ఇంకో చిక్కు, పాత డోర్ పల్చటి డబ్బా. స్పీకరు ముందుకు నెట్టే గాలీ, వెనక్కి నెట్టే గాలీ డోర్ కన్నాల ద్వారా కలిసిపోతే బేస్ ఒకదాన్నొకటి చంపుకుంటుంది. లోపలి రేకులో ఉన్న పెద్ద కన్నాలన్నీ అల్యూమినియం షీటుతో మూస్తే తప్ప డోర్ స్పీకరు సరిగా పలకదు. ఇంత చాకిరీ చేసే షాపు దొరికితే డోర్లు మంచివే. గంటలో కోసి బిగించే షాపు అయితే ఆ డబ్బు దండగ.

సీటు వెనక, సీటు కింద

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. స్క్రూ కొట్టే ముందు పెట్రోలు ట్యాంకు ఎక్కడుందో చూసుకోండి. 1950లు, 60ల షెవ్రొలే పికప్‌లలో ట్యాంకు క్యాబిన్ లోపలే, సీటు వెనక నిలబెట్టి ఉంటుంది. జీపుల్లో డ్రైవరు సీటు కింద ఉంటుంది. "సీటు వెనక రేకుకు రెండు స్క్రూలు కొట్టేద్దాం" అనేవాడికి ఈ సంగతి తెలియాలి. ట్యాంకు పక్కన ఊఫర్, దాని వైర్లు అంటే నాకైతే ఇష్టం ఉండదు.

ట్యాంకు లేదనుకున్నా, సీటు వెనక 6×9 ఓవల్స్ నేను సిఫారసు చెయ్యను. ఓవల్స్ కారులో వెనక అద్దం కింది పలక మీద బాగుంటాయి, ఎందుకంటే డిక్కీ మొత్తం వాటికి పెట్టెలా పనిచేస్తుంది. పికప్‌లో సీటు వెనక నాలుగు వేళ్ల సందు. పలుచని పెట్టె, ముందు మందపాటి స్పాంజి సీటు. సన్నటి శబ్దాలన్నీ ఆ స్పాంజి తాగేస్తుంది, మిగిలిన గుబగుబ వీపుకు తగులుతుంది. జాకీ, స్పానర్ సంచి పెట్టుకునే చోటు కూడా పోతుంది.

సీటు కింద మాత్రం వేరే సంగతి. ఆంప్లిఫయర్ లోపలే ఉండే పల్చటి ఊఫర్లు దొరుకుతున్నాయి, ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తు, ఎనిమిది అంగుళాల కోన్. బెంచీ సీటు కింద ట్యాంకు లేని బండిలో సరిపోతుంది. ఇది ముందు స్పీకర్లు బాగున్నాయని తేలాక, బేస్ నిజంగా తగ్గిందనిపిస్తే పెట్టుకోవాల్సింది. మొదటి రోజే కొనేది కాదు. పెట్టినా 80 హెర్ట్జ్ కింద మాత్రమే పనిచేసేలా సర్ది, వాల్యూమ్ తక్కువలో ఉంచండి.

లారీ అర

మన లారీల్లో ముందు అద్దం పైన కట్టే చెక్క అర చూసే ఉంటారు. ఆటోనగర్ బాడీ బిల్డింగ్ షెడ్లలో ఆ పని చేసే కార్పెంటర్లు అలవాటుగా చక్కగా చేస్తారు. అందులో కిందికి చూసేలా రెండు నాలుగు అంగుళాల స్పీకర్లు పెడితే మాట చాలా స్పష్టంగా వినిపిస్తుంది. పైకప్పు ఎత్తుగా ఉన్న గుండ్రటి క్యాబిన్ అయితే ఆలోచించండి. జీపు పికప్‌లో తలకు తగులుతుంది, సడన్ బ్రేక్ పడినప్పుడు ఆ చెక్క అంచు నుదుటి ఎత్తులో ఉంటుంది. నాకు అది చాలు వద్దనడానికి.

డబ్బా మీది వాట్లు

షాపులో "50 వాట్లు × 4" అని రాసిన స్టీరియో చూపిస్తారు. ఇంజన్ నడుస్తున్నప్పుడు బండిలో కరెంటు సుమారు 13.8 వోల్టులు. లోపల వోల్టేజీ పెంచే ఏర్పాటు లేని ఏ స్టీరియో అయినా, 4 ఓమ్‌ల స్పీకరుకు ఒక్కో చానెల్‌కు 18, 20 వాట్లకు మించి శుభ్రంగా ఇవ్వలేదు. మిగతా సంఖ్య డబ్బా అలంకారం. డబ్బా మీద ఆర్‌ఎంఎస్ అని పక్కన రాసిన చిన్న సంఖ్య చూడండి, అదే నిజం.

అందుకే స్పీకర్లలో చూడాల్సింది వాట్లు కాదు, సెన్సిటివిటీ. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తుందన్నది. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆంప్లిఫయర్ బలం రెట్టింపు చేసినంత లెక్క. 86 ఉన్న స్పీకరుకు బదులు 92 ఉన్నది పెడితే, అదే 18 వాట్లు 72 వాట్ల పని చేస్తాయి. హోరెత్తే క్యాబిన్‌లో, చిన్న డైనమో ఉన్న బండిలో ఇంతకంటే చవకైన ఉపాయం లేదు. 300 వాట్లు అని పెద్ద అక్షరాలతో రాసి, సెన్సిటివిటీ ఎక్కడా రాయని స్పీకరును తిరిగి ర్యాక్‌లో పెట్టేయండి. స్పీకరు 4 ఓమ్‌లదే తీసుకోండి, ఇంట్లో పాత మ్యూజిక్ సిస్టమ్ నుంచి తీసిన 8 ఓమ్‌లది పెడితే స్టీరియో సగం బలమే ఇస్తుంది.

6 వోల్టుల బండి

మీ బండి మొదటి నుంచీ 6 వోల్టులదై, ఇంకా అలాగే ఉంటే ముందు ఒక నిర్ణయం తీసుకోవాలి. మామూలు స్టీరియో 12 వోల్టులదే. 6ను 12గా మార్చే చిన్న కన్వర్టర్ పెట్టుకోవచ్చు. కానీ 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు తీసుకునే పని, 6 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లకు పైనే తీసుకుంటుంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగినప్పుడు పాత డైనమో ఇచ్చేది అంతంతమాత్రం. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర లైట్లు, పాటలు రెండూ నడిస్తే బ్యాటరీ నుంచే పోతుంది. చిన్న బ్లూటూత్ ఆంప్లిఫయర్, ఒకే డ్యాష్ స్పీకరు అయితే కన్వర్టర్ చాలు. ఊఫర్ కూడా కావాలంటే బండిని 12కు మార్చుకోక తప్పదు. ఒక్కోసారి బ్యాటరీ ప్లస్ వైరు చాసిస్‌కు కలిపిన పాత బ్రిటిష్ రకాలు కూడా కనిపిస్తాయి. వాటిలో స్టీరియో బాడీ రేకుకు తగిలితే షార్టే. బండి ఎటు ఎర్త్ అయి ఉందో మీటరు పెట్టి చూశాకే వైరు కలపమనండి.

కొత్తగా రంగు వేసిన బండిలో ఎక్కువసార్లు వచ్చే బాధ ఇంజన్ వేగంతో పాటు పెరిగే కుయ్‌మనే శబ్దం. కారణం సాధారణంగా ఎర్తే. ఎర్త్ బోల్టు కింద కూడా పెయింట్ పడి ఉంటుంది. అక్కడ తళతళలాడేలా గీకించి, స్టీరియోకూ ఆంప్లిఫయర్‌కూ ఒకే చోట ఎర్త్ ఇచ్చి, బిగించాక పైన గ్రీజు రాయాలి. ఆంప్లిఫయర్ కరెంటు వైరు ఒక పక్కగా, పాట వైర్లు రెండో పక్కగా వేయించండి. ఫ్యూజ్ బ్యాటరీ నుంచి అర మీటరు లోపలే ఉండాలి, ఆంప్లిఫయర్ దగ్గర కాదు. పాత బండిలో పాత గుడ్డ తొడుగు వైర్లు ఉంటాయి కాబట్టి దీని మీద బేరం వద్దు. ఇక వైరు కొనేటప్పుడు కొస గీకి చూడండి. పైన రాగి రంగు, లోపల తెల్లగా ఉంటే అది రాగి పూసిన అల్యూమినియం. అదే మందం రాగికంటే చాలా తక్కువ మోస్తుంది.

ఇలాంటి బండ్లు వారాల తరబడి షెడ్‌లోనే ఉంటాయి. స్టీరియోకు మెమరీ కోసం పోయే 15 మిల్లీ ఆంపియర్లు కూడా నెలకు 10, 11 ఆంపియర్ గంటలు తాగుతాయి. బ్యాటరీ దగ్గర చేత్తో తిప్పి ఆపే కటాఫ్ స్విచ్ పెట్టించుకోండి, దొంగ భయం కూడా కాస్త తగ్గుతుంది.

రేకు మోత

డ్యాంపింగ్ షీట్ అంటే బ్యూటైల్ రబ్బరు, పైన అల్యూమినియం రేకు. కొన్ని చోట్ల చవకగా దొరికే తారు షీట్ అమ్ముతారు. ఎండలో నిలిపిన క్యాబిన్ పైకప్పు మీద ఆ తారు మెత్తబడి వాసన కొడుతుంది, ఒక్కోసారి కిందికి జారుతుంది. బ్యూటైల్ కూడా రేకు మొత్తం కప్పక్కర్లేదు. మధ్యలో, మోగే చోట, పావు వంతు నుంచి మూడో వంతు దాకా అంటిస్తే మోత చాలావరకు ఆగుతుంది. వేలితో కొట్టి చూడండి, ఠంగ్ అన్నది ఠప్ అనాలి. నేల మీద జనపనార, గుడ్డ పరవొద్దు, తడి పీల్చి కింద తుప్పు తెస్తాయి.

నా చేతికి ఖర్చు పెట్టే అధికారం ఇస్తే, వంద రూపాయల్లో నలభై ముందు స్పీకర్లకు, పాతిక డ్యాంపింగ్‌కు, ఇరవై వైర్లు, ఫ్యూజ్, స్విచ్‌లకు, మిగిలింది ఆంప్లిఫయర్‌కు. షాపువాళ్ల లెక్క దీనికి సరిగ్గా తలకిందులు ఉంటుంది.

ఏ బండికి ఏది

వింటేజ్ నంబరు వేసుకున్న అమెరికన్ రకం గుండ్రటి క్యాబిన్ అయితే డ్యాష్‌లో రెండు కాయిల్స్ స్పీకరు ఒకటి, గ్లవ్ బాక్స్‌లో దాచిన బ్లూటూత్ ఆంప్లిఫయర్. పాత రేడియో పాతదిలాగే ఉండనివ్వండి. ఈ నంబరు ఉన్న బండి రోజూ రోడ్డెక్కకూడదు, కిరాయికి వాడకూడదు కూడా, కాబట్టి అంతకంటే ఆర్భాటం అవసరం లేదు.

జీపు పికప్ అయితే కాళ్ల పక్క పెట్టెలు. గేరు రాడ్లు, సీటు కింద ట్యాంకు, పల్చటి డోర్లు ఉన్న చోట వేరే దారి లేదు. క్యాన్వాస్ కప్పు ఉన్న రకమైతే పెట్టెలను వింగ్ నట్లతో బిగించి, బయట పార్కు చేసినప్పుడు ఊడదీసి ఇంట్లో పెట్టుకునేలా చేయించండి.

టాటా 207 అయితే, ఇంకా సరుకు మోస్తున్న బండి అయితే, డోర్ ప్యాడ్‌లో ఆరున్నరలు పెట్టుకోండి, పెద్దగా బాధపడకండి. గుంటూరు మిర్చి యార్డుకు తిరిగే బండి అయితే గ్రిల్ వెనక పల్చటి గుడ్డ వేయించండి. మిర్చి దుమ్ము కోన్ మీద చేరి, వాయిస్ కాయిల్ సందులోకి పోతే గరగర మొదలవుతుంది.

ఇంట్లోవాళ్లు మరీ ఖర్చు అంటే, వాన తట్టుకునే ఒక మంచి బ్లూటూత్ స్పీకరు కొని డ్యాష్ కింద బెల్టుతో కట్టేయండి. హోరులో కాస్త తక్కువ వినిపిస్తుంది, అంతే. దిగేటప్పుడు చేత్తో పట్టుకెళ్లచ్చు. నెలకోసారి బయటికి తీసే బండికి ఇది తప్పేం కాదు.

షాపులో బోర్డు మీద బిగించిన స్పీకర్లు విని కొనకండి. అక్కడ ఇంజన్ లేదు, గాలి లేదు, అన్నీ బాగానే వినిపిస్తాయి. ముందు పెట్టెలు చేయించి, స్పీకర్లు వాటిలో పెట్టి, క్యాబిన్ నేల మీద జారకుండా తాడుతో కట్టి, వైర్లు తాత్కాలికంగా కలపండి. అద్దాలు దించి ఆటోనగర్ నుంచి బెంజ్ సర్కిల్ మీదుగా కనకదుర్గ వారధి దాటి తాడేపల్లి దాకా వెళ్లండి. మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి, ఒక వార్తల బులెటిన్ వినండి. వార్తల్లో ప్రతి మాటా తెలియాలి. అక్కడ బండి ఆపి పెట్టెలను రెండు అంగుళాలు ముందుకో వెనక్కో జరిపి, కోణం మార్చి, తిరుగు దారిలో మళ్లీ వినండి. బేస్ పల్చగా, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియనట్టు ఉంటే ఒక స్పీకరు వైర్లు తారుమారయ్యాయని అర్థం. స్టీరియో వైపు నుంచి వైరు ఊడదీసి, ఆ కొసలకు ఒక పెన్సిల్ సెల్ ఆనించి, ప్లస్ ప్లస్‌కు తగిలినప్పుడు రెండు కోన్లూ బయటికే కదులుతున్నాయా చూడండి. కుదిరిన చోట నేల మీద సుద్దముక్కతో గీత గీసి, ఆ తర్వాతే కార్పెంటరుకు క్లాంపులు కొలతలివ్వండి.